చిన్న నాళికలో చప్పుడు

జూలై 9

పదో తరగతికి ఈ రోజు వాయువుల పరీక్ష పెట్టాను. ప్రతి బల్ల మీదా రబ్బరు మూతలు బిగించిన నాలుగు గాజు పరీక్ష నాళికలు. మీద అంకెలే తప్ప పేర్లు లేవు. ఎందులో ఏముందో కనిపెట్టి రాయాలి. ఏడాది మొత్తంలో నాకు ఇష్టమైన రోజు ఇదే. అల్లరి మూక కూడా ఊపిరి బిగబట్టుకుని పని చేస్తుంది.

అలాంటి రోజున నా కూతురే నా పరువు తీసింది.

మూడో నాళిక గురించి మహాతల్లి ఇలా రాసింది: "మండే పుల్ల పెడితే ఆరిపోయింది. చప్పుడు రాలేదు. లిట్మస్ రంగు మారలేదు. సున్నపు తేట తెల్లబడలేదు. కనుక ఇది నైట్రోజన్." నైట్రోజన్ అట! నేను ఇవ్వనే లేదు. అది హైడ్రోజన్. అన్నం తింటూ కూడా వల్లించిన నాలుగు ముక్కలు అవి: నిప్పు కణిక ఉన్న పుల్ల భగ్గుమంటే ఆక్సిజన్, సున్నపు తేట పాలలా మారితే కార్బన్ డయాక్సైడ్, ఎర్ర లిట్మస్ నీలమైతే అమ్మోనియా, మండే పుల్ల పెట్టగానే 'టప్' మంటే హైడ్రోజన్. ఆరో తరగతిలోనే దానికి ఇవి నోటికి వచ్చు.

సున్నా వేసి, అందరి ముందూ కడిగేశాను. టీచరు కూతురని వదిలేసిందని రేపు ఎవరూ అనకూడదు.

దాని పక్కన కూర్చునే పిల్ల, అందరూ సోడాబుడ్డి అని పిలిచేది, కళ్ళద్దాలు సర్దుకుంటూ, "టీచర్, నాకు వినిపించింది టీచర్, దాని నాళికే" అంది. "నీ కాగితం నువ్వు చూసుకో" అన్నాను. గది నిండా పేలాలు వేగినట్టు టప్ టప్ మంటుంటే ఏది ఎవరి చప్పుడో దానికేం తెలుస్తుంది?

బడి గేటు లోపల నేను 'టీచర్'ని. గేటు దాటగానే 'అమ్మా' అంటుంది. ఈ రోజు గేటు దాటి సందు మలుపు దాకా వచ్చినా ఏమీ అనలేదు. చివరికి, "అమ్మా, నిజంగానే చప్పుడు రాలేదు" అంది.

జూలై 10

మూత వదులై వాయువు పోయి ఉంటుంది. అంతే. జింకు ముక్కలు కూడా పాతబడ్డాయి. కొత్తవి తెప్పించాలి.

జూలై 14

ముందు గదిలో మా ఆయన ఎవరిదో చొక్కాకి కాజాలు కుడుతున్నారు. నేను టీ ఇచ్చి వచ్చేస్తుంటే ఆపారు.

"మన వసపిట్ట చెవులు ఒకసారి చూపించాలేమోనే."

"దాని చెవులకేం? లక్షణంగా ఉన్నాయి. పదిహేనేళ్ళ వయసులో పని చెబితే అందరూ చెవిటివాళ్ళే."

"అది కాదు టీచరమ్మా. ఇదివరకు నేను మిషన్ తొక్కుతుంటే చదువుకోనీ నాన్నా అని ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు అసలు ఏమీ అనట్లేదు."

"పెద్దదయింది. ఓర్పు వచ్చింది."

"నిన్న కత్తెర జారి పడింది. సరిగ్గా దాని వెనకే. అది తల తిప్పలేదు."

"పుస్తకంలో మునిగి ఉంటుంది. మంచిదేగా?" అన్నాను. ఆయన మళ్ళీ ఏదో అనబోయారు. కొలతలు తీసుకునే వాళ్ళు కొలతలు తీసుకుంటే బాగుంటుందని, వైద్యం చెప్పేవాళ్ళు వేరే ఉన్నారని అన్నాను. ఆయన దారం కొరికి ఊరుకున్నారు. ఎదుటివాళ్ళ నోరు మూయించడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

మూడేళ్ళ వయసులో మాటలు మొదలుపెట్టింది, ఇప్పటికీ ఆపలేదు. వస పోశామా, వసపిట్టనే మింగించామా అని మా అత్తగారు నవ్వేవారు. ఆ పేరే నిలిచిపోయింది. ఇంత మాట్లాడే పిల్లకి వినపడకపోవడం ఏమిటి?

జూలై 17

ఆఖరి గంట కొట్టాక దాన్ని ల్యాబులో ఉంచేశాను. సోడాబుడ్డి "పనిష్మెంటా టీచర్?" అని ఆనందంగా అడిగి వెళ్ళింది.

కొత్త జింకు, కొత్త యాసిడ్. ముందు పెద్ద నాళికలో పట్టాను. పుల్ల పెట్టగానే 'బుఫ్' మంది.

"వినిపించిందా?"

"ఆఁ! వినిపించింది!"

నా ప్రాణం లేచి వచ్చింది. దాన్ని పట్టుకుని ముద్దుపెట్టుకున్నాను, ల్యాబులో అలాంటివి చేయకూడదని పిల్లలకి రోజూ చెప్పేదాన్ని. తర్వాత మధ్యరకం నాళిక. కాస్త ఆలోచించి "వినిపించింది" అంది. తర్వాత చిన్నది, పిల్లలకి ఇచ్చేది. టప్ మంది. అది నాళిక మూతి వంక, పుల్ల వంక, నా వంక చూసింది.

"ఇంకా పెట్టలేదా టీచర్?"

పెట్టాను తల్లీ.

పెద్ద పాత్రలో చప్పుడు లావుగా, బొంగురుగా వస్తుంది. పాత్ర చిన్నదవుతున్నకొద్దీ సన్నగా, కీచుమని వస్తుంది. ఈ పాఠం చెప్పేది నేనే. దాని గురించి ఇక్కడ ఇంకేమీ రాయదలచుకోలేదు.

జూలై 18

చెవిలో గులిమి ఉంటుంది. గోరువెచ్చని నూనె చుక్కలు వేశాను.

జూలై 22

నూనె పనిచేసింది!

ఈ రోజు బడి వదిలాక ల్యాబులో చిన్న నాళిక పెట్టాను. ఇద్దరమే ఉన్నామని 'టీచర్' మానేసింది. "వినిపించిందమ్మా" అంది. మళ్ళీ పెట్టాను. "వినిపించింది" అంది. మధ్యలో దాన్ని ఏమార్చడానికి కార్బన్ డయాక్సైడు పట్టిన నాళిక ఇచ్చాను. పుల్ల ఆరిపోగానే "ఇది రాలేదు. కావాలంటే సున్నపు తేట పోసి చూడు" అంది, నాకే పాఠం చెబుతున్నట్టు. పోసి చూస్తే తెల్లగా మారింది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇంటికి వచ్చి ఆయనతో చెప్పాను. ఆయన నవ్వలేదు. "సంతోషమే. అయినా ఒకసారి డాక్టరుకి చూపిస్తే నీదేం పోతుంది?" అన్నారు.

"చూపిస్తే ఏదో ఒకటి అంటారు" అన్నాను. ఆ మాట అలా ఎందుకు వచ్చిందో నాకే తెలియదు.

జూలై 25

రోజూ సాయంత్రం సాధన. అది కుర్చీలో నాకు ఎదురుగా కూర్చుంటుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, బొమ్మలా కదలకుండా. ఎంత శ్రద్ధో! తరగతిలో ఇందులో సగం శ్రద్ధ ఉంటే చాలు.

దాని మాటలు మాత్రం తగ్గాయి. అడిగితే "పరీక్షలు కదమ్మా" అంటుంది. పరీక్షలకి ఇంకా బోలెడంత కాలం ఉంది.

జూలై 29

ఈ రోజు కూడా అన్నీ సరిగ్గా చెప్పింది. అన్నీ.

జూలై 31

రాయాలి. రాస్తేగాని నమ్మేలా లేను.

ఈ రోజు హడావిడిలో ఒక నాళికలో యాసిడ్ బదులు నీళ్ళు పోశాను. జింకు ముక్కలు అడుగున చల్లగా కూర్చున్నాయి. ఒక్క బుడగ లేదు. నేను చూసుకోలేదు. పుల్ల వెలిగించి మూతి దగ్గర పెట్టాను. టప్ మనబోతోందని ఎప్పటిలాగే కళ్ళు చికిలించాను. ఏ చప్పుడూ రాలేదు.

"వినిపించిందమ్మా" అంది.

నాళిక వంక చూశాను. నీళ్ళు. "సరే" అన్నాను. కడిగి ఆరబెట్టిన ఖాళీ నాళిక ఒకటి తీసుకున్నాను. ఉత్త గాలి. పుల్ల పెట్టి, కావాలనే కళ్ళు చికిలించాను.

"వినిపించింది."

అప్పుడు నిజమైన హైడ్రోజన్ పట్టాను. పళ్ళు బిగపట్టి, రెప్ప వేయకుండా దాని మొహంలోకే చూస్తూ పుల్ల పెట్టాను. టప్ మంది. గది మూలల దాకా వినిపించి ఉంటుంది. అది నా కళ్ళలోకి చూస్తూ ఎదురుచూసింది. ఎదురుచూసి, ఎదురుచూసి, నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది.

"ఇది రాలేదు కదమ్మా?"

పుల్ల నా వేలి దాకా కాలింది. అప్పుడు గాని వదల్లేదు.

"ఎన్నాళ్ళ నుంచే?" అన్నాను. తల దించుకుని అన్నానేమో, దానికి అందలేదు. గడ్డం పైకెత్తి మళ్ళీ అడిగాను.

"పోయిన ఏడాది నుంచి కొంచెం కొంచెంగా. టప్ మన్నప్పుడు నువ్వు కళ్ళు మూసుకుంటావమ్మా. అది చూసి చెప్పేదాన్ని. నువ్వు మాట్లాడేటప్పుడు నీ పెదాలు చూస్తాను. నువ్వు గబగబా తిడితే సగం పోతుంది, మిగతా సగం తెలిసిందే కదా."

"నాకెందుకు అబద్ధం చెప్పావే?"

"మొదటి రోజు నిజమే చెప్పాను కదమ్మా. రాలేదన్నాను. సున్నా వేశావు."

అది నా వేలు పట్టుకుని పంపు కింద పెట్టింది.

"తర్వాత పెద్ద నాళిక వినిపించిందంటే నువ్వు ముద్దు పెట్టుకున్నావు. ఎంత సంతోషపడ్డావో! చిన్నవి కూడా వినిపించాయంటే ఇంకా సంతోషపడతావని" అంది.

ఆగస్టు 2

ఏమీ రాయలేను.

ఆగస్టు 5

వినికిడి పరీక్షల గది గోడలకి మెత్తని దిళ్ళు అతికించారు. మధ్యలో అద్దం. అద్దానికి అవతల అది, చెవులకి పెద్ద డిప్పలు తగిలించుకుని. ఇవతల పరీక్ష చేసే అమ్మాయి, ఆయన, నేను. శబ్దం పంపినప్పుడల్లా పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతుంది. వినిపిస్తే అది చెయ్యి ఎత్తాలి.

మొదలుపెట్టగానే ఆ అమ్మాయి ఆపేసింది. "మేడమ్, మీరు కాస్త అటు వెళ్ళండి. పాప మిమ్మల్ని చూస్తోంది" అంది. దాని కుర్చీని కూడా గోడ వైపు తిప్పించింది. ఆ తర్వాత నాకు దాని జడ మాత్రమే కనిపించింది.

దీపం వెలిగింది. చెయ్యి లేచింది. వెలిగింది, లేచింది. తర్వాత వెలిగింది, లేవలేదు. మళ్ళీ వెలిగింది, లేవలేదు. ఆయన నా భుజం పట్టుకున్నారు. నేను ఆ చేతిని తోసేశాను. తర్వాత నేనే వెతుక్కుని పట్టుకున్నాను.

డాక్టరమ్మ కాగితం మీద గీత చూపించింది. ఎడమవైపు పైన మొదలై, కుడివైపుకి వెళ్ళేసరికి మెట్లు దిగినట్టు కిందికి దిగిపోయింది. రెండు చెవులూ ఒకటే. లోపలి నరం పని. మందు లేదు. ఇంకా తగ్గుతుంది.

"మేం ఆలస్యం చేశామా?" అని అడిగాను.

"లేదమ్మా. ముందే తెచ్చినా ఇది ఆగేది కాదు. వినికిడి యంత్రం ముందే పెట్టి ఉంటే బడిలో ఇంత అవస్థ పడేది కాదు, అంతే."

ఆ 'లేదమ్మా' వినగానే ఊరట కలిగింది. ఊరట కలిగినందుకు సిగ్గేసింది.

"ముందు పోయేవి సన్నని శబ్దాలు" అని చెప్పింది డాక్టరమ్మ. "పిట్టల అరుపులు, ఈలలు, ఆడవాళ్ళ గొంతులు. మగవాళ్ళ గొంతు ఇంకొన్నాళ్ళు బాగానే అందుతుంది."

"అవునండీ" అంది మా పిల్ల వెంటనే. "నాన్నది బాగానే వినిపిస్తుంది. అమ్మదే..." అని నా మొహం చూసి ఆపేసింది.

అంటే చిన్న నాళికని నేనే.

"యంత్రం ఎన్నాళ్ళు పనిచేస్తుంది?" అని ఆయన అడిగారు.

"కొన్నేళ్ళు బాగుంటుంది. తర్వాత ఎంత మిగులుతుందో ఇప్పుడే చెప్పలేను. ఏమీ మిగలకపోనూ వచ్చు. ఈలోగా పాప చేతి సైగలు నేర్చుకుంటే మంచిది. మీరు కూడా."

ఆటోలో ముగ్గురం పక్కపక్కనే కూర్చున్నాం. దారంతా అదే మాట్లాడింది. ఆ గదిలో దిళ్ళు ఎంత మెత్తగా ఉన్నాయో, ఆ అమ్మాయి చెవులకి ఎన్ని కమ్మలున్నాయో. ఇన్నాళ్ళ తర్వాత మళ్ళీ వసపిట్టలా. భారం దిగిపోయినట్టుంది దానికి. అది నాకెక్కింది.

ఆగస్టు 8

నాకు ఏడుపు రాదని అందరూ అంటారు. వస్తుంది.

ఆగస్టు 14

యంత్రాలు వచ్చాయి. చెవి వెనక చిక్కుడు గింజంత. పెట్టుకుని ముందు గదిలోకి వెళ్ళింది. "బాబోయ్ నాన్నా, ఇంత గోల చేస్తున్నావా ఇన్నాళ్ళూ! ఆపు!" అని అరిచింది. ఆయన మిషన్ మీద తల ఆనించి చాలాసేపు లేవలేదు. "ఇంట్లో ఇక మూడు మిషన్లు. నాకే మాట దక్కదు" అన్నారు తర్వాత.

నేను పిలిచాను. తిరిగి చూసింది. "నీ గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుందమ్మా. కానీ వస్తోంది" అంది.

ఆగస్టు 18

గొంతు తగ్గించి మాట్లాడటం నేర్చుకుంటున్నాను. లోతుగా, ఆయనలా. తరగతిలో అలాగే పాఠం చెబితే వెనక బల్ల వాళ్ళు ముసిముసి నవ్వులు నవ్వారు. హెడ్మిస్ట్రెస్ గారు పిలిచి, "జలుబు చేసిందా? రెండు రోజులు సెలవు తీసుకోండి" అన్నారు. చేసిందనే చెప్పాను.

ఇంట్లో కూడా అలాగే. నెమ్మదిగా, మొహం కనపడేలా, బొంగురుగా. కోపం వస్తే గొంతు కీచుమంటుంది కనుక కోపం మానేశాను. పాలు పొంగబెట్టింది, ఏమీ అనలేదు. "పరవాలేదమ్మా" అన్నాను. ఆయన నా నుదురు మీద చెయ్యి వేసి చూశారు.

వాళ్ళిద్దరూ ముందు గదిలో కబుర్లు చెప్పుకుంటారు. ఆయన గుండీలు కుడుతూ తల ఎత్తకుండానే ఏదో గొణుగుతారు, దానికి అందుతుంది. నేను వంటింట్లో నిలబడి వింటాను. కన్నదాన్ని నేను, గొంతు ఆయనది కావాలా! ఇంత కుళ్ళు నాలో ఉందని తెలియదు.

ఆగస్టు 21

వాయువుల పరీక్ష మళ్ళీ పెట్టాను. దాన్ని వద్దంటే వినలేదు. "యంత్రాలు తీసేసి చేస్తాను, నాకు ఇంకో దారి తెలుసు" అంది. చేసింది.

దాని కాగితం: "రెండో నాళిక. మండే పుల్ల పెట్టాను. నాళిక పట్టుకున్న వేళ్ళకి చిన్న అదురు తగిలింది. లోపలి గోడలకి చెమ్మ పట్టింది. ఈ వాయువు మండితే నీరు వచ్చింది. కనుక హైడ్రోజన్."

మొదట పొడిగా ఉన్న నాళికను వెలుగుకి పెట్టి చూశాను. లోపల మంచులా సన్నని చెమ్మ. ఇన్నేళ్ళుగా చప్పుడు కోసమే చెవి ఒగ్గాను, నాళికలోకి ఎప్పుడూ చూడలేదు. పూర్తి మార్కులు వేశాను. జూలై తొమ్మిది నాటి సున్నా కొట్టేసి మార్కులు వేయబోయాను గాని, అది ఒప్పుకోలేదు. "అప్పుడు తప్పే కదా టీచర్, అది నైట్రోజన్ కాదు కదా" అంది.

ఆగస్టు 30, ఆదివారం

మధ్యాహ్నం ఆయన దారాలు కొనడానికి వెళ్ళారు. నేను బట్టలు మడతపెడుతున్నాను. అది తలంటుకుని, తడి తువ్వాలు తెచ్చి, నేను మడతపెట్టిన బట్టల మీదే పడేసింది. కావాలనే పడేసింది. పడేసి నా వంక చూసింది.

"పరవాలేదమ్మా" అన్నాను, లోతుగా.

"అమ్మా, ఆ గొంతు ఆపేయ్."

"ఏ గొంతు?"

"నాన్న గొంతు. అది నాన్నకి ఉంది. నీది నాకు కావాలి."

"నాది నీకు అందదు కదే."

"యంత్రం పెట్టుకుంటే అందుతోంది. ఇంకా అందుతోంది. ఉండగానే వినాలి కదమ్మా, తర్వాత గుర్తుంచుకోవడానికి. నువ్వేమో ఈ రెండు వారాలుగా ఎవరిలానో మాట్లాడుతున్నావు. రేపు నేను గుర్తు చేసుకుంటే ఎవరో వస్తారు, నువ్వు రావు."

మడత నా చేతుల్లోనే ఉండిపోయింది. అది చెవి వెనక చెయ్యి పెట్టి యంత్రం సర్దుకుంది. మంచం మీద నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కళ్ళు మూసుకుంది. నా పెదాలు చూడకుండా ఉండటానికి.

"ఏం చెప్పనే?"

"తిట్టు."

"ఎందుకు తిడతాను? నువ్వేం చేశావని?"

"తడి తువ్వాలు పడేశాను కదా. మామూలుగా తిట్టమ్మా. అదే నాకు బాగా తెలిసిన గొంతు."

తర్వాత ఎక్కడి నుంచో నా పాత గొంతు, సన్నగా, కీచుగా, వీధి చివరికి వినపడేది, బయటికి వచ్చింది.

"ఒసేయ్ వసపిట్టా! ఇది ఇల్లనుకున్నావా, సంత అనుకున్నావా? గంట నుంచి నడుం విరగ్గొట్టుకుని మడతపెడితే తడి గుడ్డ తెచ్చి దాని మీదే పడేస్తావా? ఆ జుట్టు చూడు, కాకి గూడు నయం! దువ్వెన ఎక్కడ పెట్టానో నాకే తెలియాలి, జడ నేనే వేయాలి, కంచం నేనే తీయాలి. రేపు నేను లేకపోతే ఏం చేస్తావే? తిన్న చెయ్యి కడుక్కోవడానికి కూడా బద్ధకం! చదువా, అంతంత మాత్రం. నోరు చూస్తే మాత్రం ఊరంత! నిన్ను కాదు, నిన్ను నెత్తినెక్కించుకున్న మీ నాన్నని అనాలి. చెప్పింది చెప్పినట్టు ఒక్కసారైనా చేశావా? అసలు నీకు చెవు..."

అక్కడ ఆగిపోయాను. నోరు చేత్తో మూసుకున్నాను.

అది కళ్ళు తెరవలేదు. నవ్వుతోంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

"చెవులున్నాయా లేవా అను. ఎప్పుడూ అదే అంటావుగా, ఆపకు."

"అసలు నీకు చెవులున్నాయా లేవా?" అన్నాను.

"మళ్ళీ."

"చెవులున్నాయా లేవా? ఎన్నిసార్లు పిలవాలే నిన్ను? ఎన్నిసార్లు పిలిస్తే పలుకుతావే?"

సగం మాటలు ముక్కులోంచి వస్తున్నాయి. అది ముందుకు వంగి, తల నా మొహానికి దగ్గరగా తెచ్చి, చెవి నా నోటి దగ్గర పెట్టింది.

"ఏడవకుండా తిట్టమ్మా" అంది. "మాటలు సరిగ్గా వినపడట్లేదు."